ఇంకొక్క సంవత్సరము

లూకా సువార్త 13వ అధ్యాయములో ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టును జ్ఞాపకము చేసికొందము. యజమానుడు 3 సంవత్సరములు వచ్చి వెదకినను దానియందు పండు దొరకలేదు. దానిని నరికివేయుమనగా, తోటమాలి ఇంకొక్క సంవత్సరము గడువు వేడుకొనెను.

ఆ గడువులో అతడు ఊరక కూర్చుండెదననలేదు. చెట్టు చుట్టు త్రవ్వి, ఎరువు వేసెదననెను. దేవుని దీర్ఘశాంతమును అట్టిదే. మనము ఫలించుటకై ఆయన పని చేయుచునే యున్నాడు. వేళ్లయొద్ద త్రవ్వునప్పుడు చెట్టు కదలకమానదు. వాక్యము మన మనస్సాక్షిని గ్రుచ్చునప్పుడు, తోటమాలి మనలను విడువలేదని తెలిసికొందము.

అయినను గడువునకు అంతము కలదు. ప్రభువు ఆలస్యము మన రక్షణార్థమేయని పేతురు తన రెండవ పత్రిక 3వ అధ్యాయములో బోధించెను. తీర్పు దినము దొంగవలె వచ్చుననియు అక్కడనే హెచ్చరించెను. కాబట్టి రేపటికి వాయిదా వేయకుందము. కూలివారికి ఇయ్యవలసిన కూలి మనయొద్ద నిలిచియున్నదా? నేడే చెల్లింతము. తోడబుట్టినవారితో మాటలు లేవా? ముందుగా మనమే వారి గడప త్రొక్కుదము.

ఆ చెట్టు తుదకు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. మన విషయములో ఆ జవాబు మన బ్రదుకే చెప్పవలెను. అందుకు కావలసిన కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.