మనము పెంచిన భూతము

చేతబడి, బాణామతి యను మాటలు వినని వారు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెలలో అరుదు. బిడ్డకు జ్వరము తగ్గదు. పాడిగేదె పాలియ్యదు. కారణము తెలియని బాధ మనుజునకు దుర్భరము గనుక అతడొక కారణమును కల్పించుకొనును. దానికొక ముఖము కావలెను గదా! ఆ ముఖము ఊరిలోని బలవంతునిది ఎన్నడును కాదు. ఊరి చివర ఒంటిగా నుండు ముదుసలిది, నాలుగు మందాకులు తెలిసిన నిరుపేదది యగును. భూతమునకు సైతము మనము కులమును, గుడిసెను చూచియే రూపమిచ్చుచున్నాము. ఇట్టి అనుమానముతో తెలంగాణ పల్లెలలో పండ్లూడబెరికిన ఘటనలు, ప్రాణములు దీసిన ఘటనలు పెక్కు జరిగినవి. భయపడినది ఊరు, చచ్చినది ముదుసలి. ఇందు రాక్షసత్వమెవరిది?

మహారాష్ట్రము 2013లో, కర్ణాటకము 2017లో ఇట్టి దురాచారములపై చట్టములు గావించినవి. మంచిదే. కాని చట్టము వచ్చునప్పటికి మాట ఊరంతయు తిరిగియుండును.

12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు బోధించిన మార్గములో ఇష్టలింగము భక్తుని దేహముపైననే యుండును. ఆ మహనీయుని చరిత్రను ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుడు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి వాడే. అట్టి నేలపై లింగధారియైనవాడు గడపలోని నిమ్మకాయను చూచి వణకుట ఏమి శివనిష్ఠ?

మన తప్పును కూడ చెప్పుకొనవలెను. అష్టావరణములలో నొకటియైన విభూతిని మనము దయ్యము విడిపించు మందుగా వాడుచున్నాము. బెదరిన తల్లి బిడ్డను తెచ్చినచో జంగమయ్య విభూతి పెట్టుట దయయే, నేను కాదనను. ‘ముందు దవాఖానకు కొంటవో బిడ్డా’ యన్నచో మరియు మేలు. కాని ‘ఎవరో చేసిండ్రు’ అను నొక్కమాట దానికి తోడైనచో, ఆ విభూతియే వేరొక గుడిసెకు నిప్పగును. కొందరు పెద్దలకు ఈ మాట రుచింపకపోవచ్చును.

నా తరగతిలో ఒక పిల్లవాని ప్రక్కన ఎవరును కూర్చుండకుండిరి. వాని నాయనమ్మకు మంత్రాలొస్తయట! ఎవరు చూచిరని యడిగితిని. ఒకడు మరియొకనిని చూపెను. వాడు వాళ్ళమ్మ చెప్పినదనెను. ‘మా అమ్మకు మీ అమ్మనే చెప్పింది సార్’ అని ఇంకొకడు. మాట తిరిగి తిరిగి మొదటివానికడకే వచ్చినది. పిల్లలందరును నవ్విరి, ఆ పిల్లవాడు దక్క. మరునాడును వాని ప్రక్క చోటు ఖాళీగానే యుండెను. నాటి పద్యపాఠము నేనచ్చటనే కూర్చుండి చెప్పితిని.