వెనక ఎవరూ లేని డ్యూటీ

ఎమర్జెన్సీ మెడిసిన్ నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పట్టాలన్న విషయంలో లోకం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. కెనడాలో ఫ్యామిలీ మెడిసిన్ రెండేళ్లు చదివి, దాని మీద ఇంకో ఏడాది ఎమర్జెన్సీ నేర్చుకున్నవాళ్లూ, మొదటినుంచీ ఐదేళ్లు అదే చదివినవాళ్లూ ఒకే క్యాజువాల్టీలో పక్కపక్కన డ్యూటీ చేస్తారు. అమెరికాలో ఎక్కువ చోట్ల మూడేళ్లు, కొన్నిచోట్ల నాలుగేళ్లు. అన్నిచోట్లా నాలుగేళ్లు చేద్దామని అక్కడ పీజీ చదువులకు గుర్తింపునిచ్చే సంస్థ 2025లో ప్రతిపాదిస్తే పెద్ద గొడవే లేచింది. ఆ దేశంలోనే 1970లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో మొట్టమొదటగా ఈ చదువులో చేరిన బ్రూస్ జానియాక్ 1972కల్లా ముగించుకుని బయటికొచ్చేశాడు. ఆయనకు నేర్పినవాళ్లలో ఎమర్జెన్సీలో పీజీ చేసినవాళ్లు లేరు. ఉండే వీలే లేదు.

మన దేశంలో దీన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది 2009లో. ఎండీ మూడేళ్లు, డీఎన్‌బీ మూడేళ్లు, ఎంబీబీఎస్ కాగానే చేరగలిగిన డిప్లొమా రెండేళ్లు. నేను చదువుకున్న రోజుల్లో ఈ పేరుతో చదువే లేదు. క్యాజువాల్టీ అంటే హౌస్ సర్జన్లు, వాళ్లమీద ఒక డ్యూటీ డాక్టరు, అంతే. నేను జనరల్ మెడిసిన్ చేసి అనంతపురం జిల్లా ఆస్పత్రుల్లోనే బతుకు గడిపినవాణ్ని. ఇప్పుడు మా అన్న కూతురు ఎమర్జెన్సీ చదువుతానని కూర్చుంది. రెండేళ్లదా, మూడేళ్లదా అన్నది ఇంట్లో చర్చ.

మా అన్న కళ్యాణదుర్గం వైపు సేద్యం చేస్తాడు. ఆయన తీర్పు చెప్పడానికి అరనిమిషం పట్టలేదు. "వానను నమ్ముకోలేనోడు తక్కువ దినాల పంట పెట్టుకోవాల్రా. రెండేండ్లది ఉండాది కదా, అది చేసుకొని రమ్మను." ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు కురుస్తుందో తెలియని నేల మాది. 1940లో విడుదలైన టీఎంవీ-2 వేరుశనగ ఎన్ని కొత్త వంగడాలొచ్చినా దశాబ్దాలపాటు ఈ ఎర్రనేలల్ని వదల్లేదంటే, నూరు రోజుల చిల్లరలో చేతికి రావడం ఒక కారణం. ఆయన మాటలో అనుభవముంది. కాకపోతే పంట పోతే పోయేది ఆయన పెట్టుబడి. చదువు ఒక ఏడాది తగ్గితే నష్టపోయేది చదివిన మనిషి కాదు. ఆ నష్టం ఎక్కడో ముక్కూమొహం తెలియనివాడి మంచం మీద పడుతుంది.

ఆ ఏడాదిలో ఏముంటుంది? పురుగుమందు తాగిన మనిషిని తీసుకుందాం, ఈ జిల్లాలో ఏ క్యాజువాల్టీకీ కొత్త కాదు. కంటిపాప సూదిమొనంత, నోటివెంట నురగ, రొమ్ములో గురగుర. అట్రోపిన్ ఐదేసి నిమిషాలకు రెట్టింపు చేసుకుంటూ ఊపిరితిత్తులు పొడిబారేదాకా ఇవ్వాలి. ఇది హౌస్ సర్జన్‌కు నెలలో వచ్చేస్తుంది. రెండో రోజుకు ఆ మనిషి కళ్లు తెరిచి మాట్లాడతాడు. ఇంటివాళ్లు మొక్కులు తీర్చుకునే మాటల్లో పడతారు. మంచం ఇంకొకరికి కావాలి కాబట్టి వార్డుకు మార్చేస్తారు. ఆ తర్వాత ఒక రాత్రి అతను దిండు మీదినుంచి తల ఎత్తలేకపోతాడు. ముందు మెడ పట్టు తప్పుతుంది, ఆపైన ఊపిరి. మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఇది రావచ్చని పుస్తకంలో ఒక పేరా ఉంటుంది, పరీక్షలో అందరూ రాస్తారు. అయినా బాగుపడ్డాడని అందరూ సంతోషంగా ఉన్న పూట మంచం దగ్గరికి పోయి "ఏదీ, తల ఎత్తు నాయనా" అని అడగడం చదివితే వచ్చేది కాదు. అట్లా అడిగే సీనియర్ వెనకాల చాలాకాలం తిరిగితే వస్తుంది. మనిషి తేరుకున్నాడంటే వెంటనే నమ్మకపోవడం ఈ విద్యలో చివర అబ్బే గుణం అనుకుంటాను. ఇంటివాళ్లకు అది నచ్చదు కూడా.

పాము సంగతీ అంతే. రక్తపింజరి కాటేస్తే కాలు వాచి రక్తం కారి తానే చెబుతుంది. కట్లపాము అట్లా కాదు. నేల మీద పడుకున్న మనిషిని నిద్రలో ముట్టి పోతుంది. గాటు కనపడదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తే గ్యాస్ అనుకుని సూది వేసి పంపేసేవాళ్లున్నారు. రెప్పలు వాలడం మొదలయ్యేసరికి ఆలస్యమై ఉంటుంది. మూడేళ్ల చదువంటే మూడు వానాకాలాలు, రెండేళ్లదంటే రెండే. అయితే ఈ లెక్కకూ ఒక మెలిక ఉంది. మహానగరంలో అద్దాల ఆస్పత్రిలో నాలుగేళ్లున్నా కట్లపాము రోగిని చూడకపోవచ్చు. మా జిల్లాలో ఒక్క కారు సీజన్ చాలు. పత్రం మీద ఏళ్లు రాస్తారు కానీ, ఆ ఏళ్లలో తలుపు తోసుకుని ఎవరొచ్చారో రాయరు.

పల్లెకు తక్కువ చదివినవాడు చాలన్న ఆలోచన మనకు పాతది. బ్రిటిష్ కాలంలో ఎల్‌ఎంపీ డాక్టర్లుండేవారు, ఎంబీబీఎస్ కన్నా తక్కువ చదువు. 1946లో భోర్ కమిటీ ఆ పద్ధతి వద్దు, అందరికీ ఒకే చదువు అంది. సభ్యుల్లో కొందరు అప్పుడే ఒప్పుకోలేదు. 2010 ప్రాంతంలో పల్లెల కోసమని మూడున్నరేళ్ల వైద్యకోర్సు ప్రతిపాదన మళ్లీ లేచింది. నాకు దీంట్లో తర్కం తలకిందులుగా కనబడుతుంది. పెద్దాస్పత్రిలో తెలియనిదొస్తే పక్క గదిలో మత్తు డాక్టరు, పై అంతస్తులో నరాల డాక్టరు ఉంటారు. రాయదుర్గంలోనో మడకశిరలోనో రాత్రి రెండింటికి ఊపిరి గొట్టం దిగని గొంతు ఎదురైతే ఎవర్ని పిలవాలి? పైకి రాసిచ్చి పంపాలంటే అనంతపురం నుంచి కర్నూలు నూటయాభై కిలోమీటర్లు, బెంగళూరు రెండు వందల పైచిలుకు. అందరికన్నా ఎక్కువ కాలం నేర్చుకోవలసింది అక్కడికి పోయేవాడే.

ఈ మాట మా పాపతో అంటే ఒకే ప్రశ్న వేసింది. "చిన్నాయనా, అంతకాలం చదివినోళ్లు రాయదుర్గానికి వస్తారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. చదువు పొడుగయ్యేకొద్దీ అప్పు పెరుగుతుంది, వయసు పెరుగుతుంది, పట్నంలో పరిచయాలు పెరుగుతాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాక దెబ్బ తగిలిన మనిషి ఆస్పత్రి గుమ్మం దాకా చేరే వేగం మారిపోయింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద, గుత్తి నుంచి పెనుకొండ దాకా, ఈ సంగతి తెలియని ఊరు లేదు. గుమ్మం లోపల నిలబడే మనిషి మాత్రం ఆ వేగంతో తయారు కాలేదు. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) బత్తలపల్లిలో ఆస్పత్రి నడిపి చూపించింది. పల్లెలో డాక్టర్ నిలవాలంటే డాక్టర్ ఒక్కడే చాలడని, చుట్టూ నర్సులు, ల్యాబు, రక్తనిధి, పక్కన ఇంకో డాక్టరు ఉండాలని అది చూస్తే అర్థమవుతుంది. ఇది చదువు పొడుగుకు సంబంధించిన ప్రశ్నే కాదేమో. కానీ ఫారంలో నింపడానికి మా పాపకిచ్చిన గడులు చదువుకు సంబంధించినవే.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడికీ ఇదే తూకం, అక్కడి రాళ్లతో. మూడా, నాలుగా? నాలుగో ఏడు నేర్పేదేమీ లేదు మామా, ఆస్పత్రికి చౌకగా ఇంకో ఏడాది పనిమనిషి దొరుకుతాడంతే అంటాడు. చదువయ్యాక వచ్చే జీతానికీ ఇప్పటి జీతానికీ నాలుగైదు రెట్ల తేడా అట, కాబట్టి ఆ ఏడాది ఖరీదు అతనికి డాలర్లలో తెలుసు. సగం ఒప్పుకుంటాను. చేతికొచ్చిన పనినే మళ్లీ మళ్లీ చేయించే ఏడాదైతే దండగే. చివరి ఏడాదికి విలువ ఎప్పుడొస్తుందంటే, నిర్ణయం నీదై, చేయి నీదై, తప్పిపోతుంటే పట్టుకోవడానికి ఇంకొకరు వెనక నిలబడి నోరు మూసుకుని చూస్తున్నప్పుడు. అట్లా నోరు మూసుకుని నిలబడగల గురువులు ఎంతమంది? చాలామంది సూది లాక్కుంటారు, లేదా ఇంటికి పోయి పడుకుంటారు.

వదిన లెక్క వేరే. ఇరవై అయిదు దాటింది, సంబంధాలు చూసేదెప్పుడు అని. ఆమె ముందు మనం తత్వం మాట్లాడలేం.

చివరికి కాగితం మీద లెక్కలు వేశాం. డిప్లొమా రెండేళ్లు చేసి, తర్వాత డీఎన్‌బీ కావాలంటే ఇంకో రెండేళ్లు, వెరసి నాలుగు. దగ్గరిదారి చుట్టుదారి అయ్యింది. మా అన్న ఆ కాగితం రెండుసార్లు తిప్పి చూసి ఏమీ అనలేదు. ఎండీలో చేరితే మధ్యలో మూడు నెలలు ఏదో ఒక జిల్లా ఆస్పత్రిలో పనిచేయాలన్న నియమం ఉంది. పాపకు ఆ మూడు నెలల మీదే ఆశగా ఉంది, తోటివాళ్లంతా దాన్ని శిక్షగా చూస్తున్నా.

ఇప్పుడు కళాశాలల పేర్లు వరసలో పెట్టుకోవాలి. పేరు, ర్యాంకు, బాండ్ పక్కనపెట్టి, తను సీనియర్లకు ఫోన్లు చేసి ఒకే సంగతి అడుగుతోంది. రాత్రి గొట్టం దిగకపోతే సార్ వస్తారా అని. కొన్నిచోట్ల వస్తారన్నారట, కొన్నిచోట్ల ఫోన్ ఎత్తుతారన్నారట, కొందరు నవ్వి ఊరుకున్నారట. ఆ జవాబుల్ని బట్టి వరస రోజూ మారుతోంది.