ఫైటర్ చేప కట్టిన గూడు

అక్వేరియం దుకాణాల్లో చిన్న సీసాకు ఒకటి చొప్పున కనిపించే ఫైటర్ చేపను చూసే ఉంటారు. అది పైకి వచ్చి గాలి పీల్చగలదు కాబట్టి సీసాలో ప్రాణం నిలుస్తుంది. నన్నడిగితే ఆ సీసా ఇల్లు కాదు, అంగడివాడి సౌకర్యం. 2019లో థాయ్‌లాండ్ ఈ చేపను తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

రెండు మగచేపలను కలిపితే చీల్చుకుంటాయి. ఆ మగచేపే, గుడ్ల వేళకు నోటితో బుడగలు వదిలి తేలే ఆకు కింద నురగ గూడు కడుతుంది. ఆడచేప వదిలిన గుడ్లు కిందికి జారుతుంటే నోట అందుకుని గూట్లో అతికిస్తుంది. పని అయ్యాక ఆడచేపనే తరుముతుంది. దాన్ని వెంటనే వేరే తొట్టిలోకి మార్చాలి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు వస్తాయి. జారిన ప్రతి పిల్లనూ తండ్రి మళ్లీ పైకి చేరుస్తుంది. అవి సొంతంగా ఈదడం మొదలుపెట్టాక తండ్రినీ తీసేయాలి.

తొట్టిలో మొక్కలు దట్టంగా ఉంటే ఆడచేప దాక్కుంటుంది. ఆకులపై పెరిగే సూక్ష్మజీవులు పిల్లలకు తొలి తిండి. పెంపకందారులు ఎండిన బాదం ఆకు కూడా వేస్తారు. మన వీధుల్లో రాలిపోయే ఆ ఆకునే ప్యాకెట్లలో అమ్ముతున్నారు! మందు కొట్టని చెట్టు కింద ఏరుకుని, కడిగి, ఎండబెట్టి వేసుకోండి. నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగితే కంగారుపడి పారబోయకండి.