తెలియదని చెప్పుట



వానలు పడగానే మన విడీ ఘర్కుల్ చుట్టుప్రక్కల గడ్డిలో తెల్లని గొడుగులు లేస్తాయి. చూడగానే మన పెద్దలకు తెలంగాణ పల్లెలు, పుట్టకొక్కుల కూర జ్ఞాపకము వస్తాయి. కొన్నేండ్ల క్రితము ఒక సహోదరి చుట్టిన బీడీలు అప్పగించి వస్తూ, కొంగు నిండా అవి కోసుకొని, "సారూ, ఇవి మన పుట్టకొక్కులేనా?" అని మమ్మును అడిగినది. మాకు నిశ్చయముగా తెలియదు. ఉపాధ్యాయులమై యుండి ఆ మాట చెప్పుటకు నోరు రాలేదు. "అవేనమ్మా" అన్నాము. తిన్న రెండు మూడు గంటలలోనే తల్లికి, పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించగా, దేవుని కృప వలన కోలుకొన్నారు.

మరునాడు మిగిలిన గొడుగును తిప్పి చూచితిమి. క్రింది రేకులు ఆకుపచ్చకు తిరిగియున్నవి. అది గడ్డిలో మొలిచే విషజాతి, క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. లేతప్పుడు దాని రేకులు తెల్లగానే ఉంటాయి; మోసము అక్కడనే. పుట్టకొక్కు కాడ వేరువలె నేలలోనికి దిగి చెదల గూటిని చేరుతుంది. దాని రేకుల పొడి లేత గులాబీ రంగు. కాడ మొదట సంచి, పైన ఉంగరము గల అమానిటా జాతులలో కొన్ని ప్రాణాంతకము. వాటి బాధ 6 గంటలు దాటిన తరువాతనే తెలియును, కాలేయము చెడిపోవును. ఉడికించినను ఆ విషము పోదు. పురుగులు తిన్నవనియు, వెండి నాణెము నల్లబడలేదనియు నమ్మరాదు.

మేము ఆమెకు కీడు తలపెట్టలేదు. అయితే మేలు కోరుట చాలునా? రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో, కరువు దినములలో తెలియని కాయలు ఏరి కుండలో తరిగి వేసినవాడును మేలే కోరెను. ఆ సహోదరి నమ్మినది పుట్టగొడుగును కాదు, మా మాటను. మన కంచము విషయములో మనము తెగించవచ్చునేమో. పొరుగువారి బిడ్డల కంచము విషయములో ఆ హక్కు మనకు లేదు.

మన అమ్మమ్మలు ఏ పుట్ట మీద ఏటేటా ఏది మొలుచునో ఎరిగి కోసేవారు. మనము ఆ రుచిని వెంట తెచ్చుకొన్నాము గాని ఆ పుట్టలను తెచ్చుకొనలేదు. కనుక ఇప్పుడు ఎవరైనా అడిగితే, "మాకు తెలియదమ్మా, వండవద్దు" అంటాము. ఈ మాట వలన మా గౌరవము తగ్గలేదు. ఆనాడే అనియుంటే ఆ పిల్లలకు ఆ రాత్రి తప్పియుండేది.