గూట్లో నూకలు

ఒక ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. కొడుకులు పట్నం పోయాక ఆమెకు మిగిలిన సంసారమంతా పెరట్లోని నాటుకోళ్ళే. వేపచెట్టు కింద మట్టిగోడలతో వాటికో గూడు కట్టించింది. పొద్దు వాలగానే అన్నిటినీ లోపలికి తోలి, రాత్రంతా ఆకలితో ఎలా ఉంటాయోనని ఒక మూల దోసెడు నూకలు చల్లి తలుపు వేసేది.

ఒక రాత్రి బావురుపిల్లి తలుపు సందులోంచి దూరి గుడ్లపెట్టను ఎత్తుకుపోయింది. అవ్వకు రెండు రోజులు అన్నం సయించలేదు. తరవాత వడ్రంగిని పిలిపించి టేకు తలుపు చేయించింది, ఇనప గడియ పెట్టించింది, కుక్కను తెచ్చి గూటి ముందు కట్టేసింది. బావురుపిల్లి మళ్ళీ ఆ చాయలకు రాలేదు.

కొన్నాళ్ళకు పొదుగుడు పెట్ట కింద గుడ్లు తగ్గుతూ వచ్చాయి. 12 గుడ్లు పెడితే 21 రోజులకు నాలుగే పిల్లలయ్యాయి. అవ్వ గడియకు తాళం వేసి, పక్కింటావిడతో మాట మానేసింది. తప్పు చేసినవాళ్ళు కనపడనప్పుడు అనుమానం ముందు పోయేది పక్కింటికే.

ఆపైన ఒక తెల్లవారుజామున తలుపు తీస్తే మూడు కోళ్ళు మెడల మీద కాట్లతో చచ్చి పడి ఉన్నాయి. వేసిన తాళం వేసినట్టే ఉంది. కుక్క మొరిగిన పాపాన పోలేదు.

ఆ దారిన పోతున్న గొర్రెల కాపరి ఆమె ఏడుపు విని లోపలికొచ్చాడు. తలుపు వంక చూడనైనా లేదు. గూటి వెనక్కి వెళ్ళి పిడకల దొంతర పక్కకు జరిపాడు. కింద కొత్తగా తోడిపోసిన మట్టి, దాని పక్కన గుప్పెడంత బొరియ. చేతికర్ర లోపలికి దూరిస్తే నూకలు చల్లే మూలలో తేలింది. అతను బొరియ మూతి దగ్గర పలచగా బూడిద చల్లి వెళ్ళాడు. మర్నాడు ఆ బూడిదలో పందికొక్కు అడుగులున్నాయి, వాటి మీదుగా పాము పాకిన చార ఉంది, అన్నిటి పైన ముంగిస గోళ్ళ గుర్తులున్నాయి.

కోడికి చీకట్లో కళ్ళు సరిగా కనపడవు. చీకటి పడ్డాక గూట్లో చల్లిన గింజను అది ముట్టదు. ఇన్నేళ్ళుగా అవ్వ నూకలు తిన్నది పందికొక్కే.

కాపరి గూటి చుట్టూ అడుగు లోతు తవ్వి, సన్నకన్నాల ఇనప జల్లెడ దింపి, దాని అంచు బయటికి వంచి, మట్టి కప్పి రాళ్ళు పరిచాడు. పిడకలు దూరంగా పేర్పించాడు. నాటి నుంచి అవ్వ పొద్దుండగానే వాకిట్లో మేత వేసి, మిగిలిన గింజ ఊడ్చి ఎత్తేది. పక్కింటికి తనే వెళ్ళి పలకరించింది.

అవ్వ వేసిన తలుపు గట్టిదే, ఆమె ప్రేమా నిజమైనదే. అయినా ఆ ప్రేమ కోళ్ళ నోటికి అందక పందికొక్కును మేపింది, పందికొక్కు తవ్విన దారిన పామూ ముంగిసా వచ్చాయి. మనవాళ్ళను కాపాడుకోవాలంటే గడియ ఎంత గట్టిదో చూసుకుంటే చాలదు, వాళ్ళకోసమని పెడుతున్నది ఎవరి పొట్టలోకి పోతోందో కూడా వంగి చూసుకోవాలి.