గొంతు చెప్పే తీర్పు

మా అమ్మకు చదువు పిచ్చి. వారపత్రిక ఇంట్లోకి వచ్చిందంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా సరే, సీరియల్ ముగిసేదాకా తల ఎత్తేది కాదు. అలాంటి మనిషికి షుగరు పుణ్యమా అని రెండేళ్లుగా అక్షరం ఆనడం లేదు. హన్మకొండలో మా ఇంటికి తెచ్చుకున్నాక, మా అబ్బాయి వాళ్ల అమ్మమ్మ ఫోనులో కథలు చదివి వినిపించే యాప్ ఒకటి పెట్టి ఇచ్చాడు. ఇక చూడండి! మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక నవల, రాత్రి నిద్ర పట్టేదాకా మరో నవల.

నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల చిన్నచూపే. సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో బి.ఏ. చదివిన రోజుల నుంచీ పుస్తకమంటే చేత్తో పట్టుకునేది, పేజీ మూల మడిచి దిండు కింద పెట్టుకునేది అని నా నమ్మకం. ఒకరోజు ఉండబట్టలేక, "అమ్మా, వినుడు, చదువుడు ఒక్కటెట్లయితయి?" అన్నాను.

అమ్మ చేతిలో పని ఆపకుండానే, "ఒకరు కలిపి పెట్టిన బువ్వ బువ్వ కాదా బిడ్డా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తే మన పెద్దలెవరూ వినడాన్ని తక్కువ చేయలేదు. పరీక్షిత్తు భాగవతాన్ని చదవలేదు, శుకమహర్షి చెబుతుంటే ఏడు రోజులు విన్నాడు. ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిది శ్రవణమే. ఆ భాగవతాన్ని తెలుగు చేసిన పోతన గారి బమ్మెర మా పాత వరంగల్లు జిల్లాలోదే. ఇంత దగ్గర్లో పుట్టి పెరిగి నాకీ సంగతి తట్టలేదంటే చదువుకున్న గర్వం కాక మరేమిటి? పైగా చూపు లేనివారికి ఇది మనం చూపించే దయ కూడా కాదు, హక్కు. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి, అచ్చుపుస్తకం చదవలేని వారికి పనికొచ్చే రూపంలో ప్రతి తయారుచేసే వీలు కల్పించారు. 2014లో, ఇదే సంగతి గురించి వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే.

సరే, నేనూ అమ్మ పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాను. మా వాడు ఒకటిన్నర రెట్ల వేగంతో వింటాడు. అంత తొందర ఉన్నవాడికి కథ ఎందుకో నాకర్థం కాదు. నేను మాత్రం మామూలు వేగంతోనే విన్నాను. వినగా వినగా నాకు పట్టుకున్న సందేహం వేరు. కలిపి పెట్టిన బువ్వ బువ్వే, కాదనను. కానీ ఉప్పు ఎంత వేయాలో కలిపే చెయ్యి నిర్ణయిస్తుంది కదా!

ఒకావిడ చదువుతుంటే కథానాయికకు ఇంకా కన్నీళ్లు రాకముందే ఆవిడకు వచ్చేస్తాయి. ఇక వినేవాళ్లం ఏడవడానికి మిగిలేదేముంది? ఇంకొకాయన, చెడ్డవాడు "మంచినీళ్లివ్వండి" అన్నా సరే గొంతు బొంగురు చేసి విషం అడిగినట్టు అడిగిస్తాడు. ఒక నవలలో మా తెలంగాణ ముసలామె మాట్లాడినప్పుడల్లా చదివే గొంతులో నవ్వు వినబడింది. ఆమె చెబుతున్నది చచ్చిపోయిన కొడుకు గురించి! సినిమాల్లో ఏళ్ల తరబడి మా మాటను రౌడీలకూ హాస్యగాళ్లకూ పెట్టిన పాపం, చదివేవాళ్ల నాలుక మీద కూడా ఇంకా మిగిలి ఉందన్నమాట. రచయిత తీర్పు చెప్పకుండా వదిలినచోట గొంతు తీర్పు చెప్పేస్తోంది. అచ్చులో అయితే కన్ను వెనక్కి వెళ్లి, మళ్లీ చదివి, తన తీర్పు తాను చెప్పుకుంటుంది. చెవికి ఆ వీలు తక్కువ.

అలాగని ఏ భావమూ లేకుండా రైల్వే స్టేషన్లో ప్రకటనలా చదవమనడం లేదు. చిన్నప్పుడు ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ విన్నాను. కథకుడు ఒక్కడే. బలిజ మేడలమ్మ తరఫున మాట్లాడుతుంటే లోకంలో న్యాయమంతా మేడలమ్మదే అనిపించేది. గొల్ల కేతమ్మ దగ్గరికి వచ్చేసరికి, అయ్యో, ఈమెకెంత అన్యాయం జరిగిందీ అనిపించేది. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య గారు 2017లో పోయారు. ఆయన కథ విన్నవాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదంటే అది గొంతు గొప్పతనం ఒక్కటే కాదనుకుంటాను. మంచి కథకుడు ఏ పాత్రలో ఉంటే ఆ పాత్రకు వకీలు. జడ్జీ కుర్చీ మాత్రం జనానికి వదిలేస్తాడు.

1935లో ఇంగ్లండులో, యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికులనూ చూపులేని ఇతరులనూ దృష్టిలో పెట్టుకుని మాట్లాడే పుస్తకాలను గ్రామఫోను రికార్డుల మీదికి ఎక్కించారు. మొట్టమొదటి వాటిలో ఒకటి అగాథా క్రిస్టీ రాసిన రోజర్ అక్రాయిడ్ హత్య నవల. చదివే మనిషికి హంతకుడెవరో మొదటి పేజీలోనే తెలుసు. తెలిసి కూడా ఆ మనిషి నోరు విప్పిన ప్రతిసారీ గొంతులో ఆ సంగతి పొక్కనివ్వకూడదు. ఎంత నిగ్రహం కావాలో చూడండి! మనుషుల గురించి మాట్లాడేటప్పుడు మనకు అందులో పదోవంతు నిగ్రహం ఉంటే ఎన్ని కాపురాలు బాగుపడేవో.

కాపురాల మాట ఊరికే రాలేదు. నా నవల ఒకటి ఈమధ్య ఆడియోగా వచ్చింది. అందులో ఒక అత్తగారుంది. కోడలు పని నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా గడపలో నిలబడి, "ఇప్పుడొస్తున్నవా?" అంటుంది. దాచడమెందుకు, ఆ మాట మా అత్తయ్యది. పెళ్లైన కొత్తలో నేను బడి నుంచి వచ్చేసరికి రోజూ ఆ మాటే ఎదురయ్యేది. అది ఎత్తిపొడుపని నాకు అనుమానమైనా లేదు. పదేళ్లు మనసులో దాచుకుని, కసి తీరా రాశాను.

చదివిన అమ్మాయి ఆ మాటను చాలా మామూలుగా అడిగింది. వంకర లేదు, దీర్ఘం లేదు.

అమ్మ విని, "పాపం, ఆ ముసలామె కోడలి కోసం పొద్దుగూకినదాక ఎదురుచూసింది కదా" అంది.

నాకు ఒళ్లు మండింది. వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "అక్కడ ఎత్తిపొడుపు రావాలి కదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి కాసేపు తడుముకుని, "మేడమ్, మీరు ఆ మాట దగ్గర ఏమీ రాయలేదండీ. 'అంది' అని మాత్రమే ఉంది. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు కదా, అందుకని ఊరికే అడిగినట్టు చదివాను" అంది.

పుస్తకం తీసి చూశాను. నిజమే, 'అంది' అనే ఉంది. కసి అంతా కాగితం మీద పెట్టాననుకున్నాను. అది నా చెవిలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా అత్తయ్య గొంతు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. మాట గుర్తుంది, గడప గుర్తుంది, ఆమె చేతిలోని చేట కూడా గుర్తుంది. గొంతు మాత్రం గుర్తు రావడం లేదు. ఎంత తలుచుకున్నా నా గొంతే వినిపిస్తోంది, ఆమెను అనుకరిస్తూ వెక్కిరించే నా గొంతు. ఇన్నేళ్లూ ఆమె మాటను నాకు నేనే చదివి వినిపించుకున్నానేమో! ఆమె నిజంగానే ఎత్తిపొడిచి ఉండవచ్చు. చీకటి పడిందని భయపడి అడిగి ఉండవచ్చు. రెండూ కలిసే ఉండవచ్చు కూడా. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

వినడం చదవడంతో సమానమా అని నేను వేసిన ప్రశ్నే తప్పనిపిస్తోంది. కళ్లతో చదివినా చెవులతో విన్నా, మనం అవతలివాళ్ల మాటకు మన గొంతు తగిలించకుండా ఉండగలమా అన్నదే ప్రశ్న. పూర్తిగా ఉండలేమనుకుంటాను. కనీసం, ఈ గొంతు నాది, ఆమెది కాదు అని గుర్తు పెట్టుకోగలిగితే అదే పదివేలు.

నవల మళ్లీ అచ్చు వేస్తున్నారు, మార్పులేమైనా ఉన్నాయా అని ప్రచురణకర్త అడిగారు. 'అంది'ని 'అంటూ మూతి తిప్పింది' అని మార్చాలని మొదట అనుకున్న మాట నిజం. మార్చలేదు.

అమ్మ మాత్రం ఆ నవల రెండోసారి వింటోంది. "ఆ ముసలామెను జర మంచిగ చూసుకోమని కోడలికి చెప్పరాదూ" అంటోంది నాతో.