స్థావరం ముందు జంగమం

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి నుంచి లద్దాఖ్‌లోని లేహ్ వరకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగే కొండదారిలో బారలాచా లా, లాచులుంగ్ లా, తంగ్‌లంగ్ లా వంటి కనుమలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. అక్కడి భాషలో ‘లా’ అంటేనే కనుమ. వీటిలో అత్యంత ఎత్తైన తంగ్‌లంగ్ లా సముద్రమట్టానికి 5,300 మీటర్లకు పైన ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సగానికి కొద్దిగా మాత్రమే ఎక్కువ కనుక, సైకిల్ తొక్కుతూ ఆ ఎత్తుకు చేరి పర్వతాలను ఛాయాచిత్రాలలో నిలుపుకోగోరే యాత్రికుడికి దృశ్యం కన్నా ముందు తన శ్వాసే తెలిసివస్తుంది.

భారతీయ సంప్రదాయం సృష్టిని కదలని స్థావరమనీ, కదిలే జంగమమనీ రెండుగా విభజించింది. భగవద్గీత పదవ అధ్యాయమైన విభూతి యోగంలో శ్రీకృష్ణుడు స్థావరాలలో హిమాలయాన్ని తన విభూతిగా, అంటే తన మహిమ విశేషంగా వ్యక్తమయ్యే రూపంగా పేర్కొన్నాడు. ఆ స్థావరం ఎదుటికి రొప్పుతూ వచ్చే మనిషి జంగమం. వెలుతురు తగ్గిన సంధ్యవేళ ఎగసిపడే ఛాతీతో పాటు చేతిలోని కెమెరా కూడా కదిలి చిత్రం మసకబారుతుంది కాబట్టి ముందు ఊపిరి కుదుటపడాలి. ఊపిరి కుదుటపడితే మనసూ నిలుస్తుందన్నది ప్రాణాయామం ఎరిగినవారికి తెలిసిన సంగతే.

పలుచని, పొడి గాలి వల్ల అక్కడి ఆకాశం ముదురు నీలంగా కనిపిస్తుంది, నీడలు దట్టంగా పడతాయి, దూరపు శిఖరం చేరువలో ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. కెమెరాలోని కాంతిమాపకం ప్రతి దృశ్యాన్నీ సగటు బూడిదరంగుగా భావించి లెక్కగడుతుంది కనుక, దానికే వదిలేస్తే మంచు మాసిన గుడ్డలా వస్తుంది. తెలుపును తెలుపుగా నిలపాలంటే ఛాయాచిత్రకారుడే మరికొంత వెలుగును లోనికి రానివ్వాలి. యంత్రం కొలవగలదు గాని చూడలేదు. చూసేదాన్ని దృక్కు అనీ, చూడబడేదాన్ని దృశ్యమనీ వేరుచేసి విచారించిన వేదాంతులు కంటిని సైతం మనసుకు దృశ్యంగానే, ఆ మనసును సాక్షిచైతన్యానికి దృశ్యంగానే పరిగణించారు. ఇక స్థావరమనుకున్న పర్వతమూ నిజానికి స్థిరం కాదు; బారలాచా ప్రాంతపు శిలలు ఒకప్పుడు టెథిస్ అనే సముద్రం అడుగున పేరుకున్న అవక్షేపాలు, అంటే పొరలు పొరలుగా దిగిన మట్టి, సున్నపు పదార్థాలు.

పతంజలి యోగసూత్రాలు చెప్పే ఐదు యమాలలో, అంటే నియంత్రణలలో, చివరిది అపరిగ్రహం. కంటపడిన ప్రతిదాన్నీ తనదిగా పోగుచేసుకోకుండా ఉండటమని దాని భావం. కనుమ ఎక్కగానే ఆత్రంగా తీసిన వంద చిత్రాలు పరిగ్రహానికే చెందుతాయి. కాసేపు కూర్చుని, మేఘపు నీడ లోయను దాటేంతవరకు వేచి తీసిన ఒక్క చిత్రం దర్శనానికి చేరువవుతుంది.

తంగ్‌లంగ్ లా దిగాక వచ్చే గ్యా వంటి లద్దాఖీ గ్రామాల వద్ద బౌద్ధుల షడక్షరీ మంత్రాన్ని చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడలు కనిపిస్తాయి. మనం గుడికి ప్రదక్షిణ చేసినట్టే స్థానికులు వాటిని తమ కుడివైపు ఉంచుకుని సాగిపోతారు. ఆ దారిన వెళ్లే తెలుగు యాత్రికులారా, మీరు కూడా సైకిల్‌ను గోడకు ఎడమగా నడిపించండి. చిత్రం తీసుకోండి, రాయిని మాత్రం ఉన్నచోటనే ఉండనివ్వండి.